గ్రంథాలయాధ్యక్షులును వారి సంబంధములును

మన పూర్వులు పుస్తకములు దాఁచు తావునకు గ్రంథభాండాగార మని పేరిడిరి. భాండాగార మనఁగా ధనధాన్యాదుల నుంచు కొట్టు. దానికిఁ దలుపులును దాళములును గావలివాఁడును నుండవలసినదే. పేరునందే రక్షణము ప్రధానార్థమై యున్నది. ఇచ్చిపుచ్చుకొను నర్థ మందు స్ఫురింపదు. తాటియాకుపై వ్రాసిన యొక్క ప్రతి నశించినచో గ్రంథమే నశించు కాలమున నాపేరు తగియే యుండెను. అచ్చు వచ్చి పుస్తకములు వేలకొలఁది ప్రతులుగా వెలువడు కాలమునఁ గూడ నా కావలిబుద్ధి బీరువా తాళపుఁజెవులతోఁబాటు ఒకరినుండి యొకరికి సంక్రమించుచు వచ్చినది. ఇందుకు గ్రంథాలయాధికారులను నిందింపఁ బనిలేదు. ఒక్క పుస్తకము తగ్గినను లెక్క చెప్పవలసినవారు వారే. పదిమందికిఁ బుస్తకము లందించినందులకు వారిని మెచ్చువా రరుదు.

అయినను, ఒక గ్రంథాలయ మెంత సంపన్నమైనను దనంతఁ దాను జాలునా యను ప్రశ్న పండితు లాలోచింపఁదగినది. నేఁటి గ్రంథాలయాధ్యక్షునకుఁ దన బీరువాలలో నేమున్నదో తెలిసియుండుటతోఁబాటు, తనయొద్ద లేనిది యెక్కడ నున్నదో, దానిని దెప్పింప నెవరి నడుగవలెనో, అడిగిన నిచ్చునంతటి చనువు వారితోఁ దనకుఁ గలదో లేదో తెలిసియుండుటయు నంత ముఖ్యమని నా యభిప్రాయము. ఇది పాశ్చాత్యులనుండి క్రొత్తగా నేర్చిన మాట కాదు. మన సారస్వతచరిత్రమే యిందులకు సాక్ష్య మిచ్చుచున్నది.

నన్నెచోడుని కుమారసంభవమును జూడుఁడు. 1909 సంవత్సరమున మానవల్లి రామకృష్ణకవిగారు దానిఁ బ్రకటించువఱకు నట్టి మహాకావ్య మొకటి తెలుఁగునఁ గల దని పండితలోక మెఱుఁగదు. దానికి మాతృక తంజావూరి సరస్వతీమహలునందు దొరకిన తాళపత్రప్రతి. ఆ కవి నన్నయకుఁ బూర్వుఁడా, పరుఁడా యను వాదము నాఁటినుండి నడచుచునే యున్నది. నే నందుఁ బ్రవేశింపను. ఇక్కడ గమనింపవలసినది వేఱు. నాయకరాజులును, తరువాత మహారాష్ట్ర ప్రభువులును బోషించిన యా భాండాగారమునఁ దెలుఁగు గ్రంథములు చెదలు తినకుండ నిలిచినవి. కావలివాని ధర్మము చక్కఁగా నెఱవేఱినది. కాని యఱవదేశమున నున్న యా ప్రతికిని, దానిఁ జదివి విలువ కట్టఁగల తెలుఁగు పండితులకును నడుమ వంతెన కట్టువాఁడు లేక, తరములతరబడి యా కావ్య ముండియు లేనిదిగానే యుండెను. గ్రంథనాశమునకును గ్రంథవిస్మృతికిని దేడా కలదని మనము తృప్తిపడవచ్చును. కాని విస్మృతి కొనసాగినచో నాశము దానివెంటనే వచ్చును. ఎవరికిని దెలియని కట్టను మరల వ్రాయించువా రుండరు. తాటియాకున కాయువు పరిమితము.

ఇట్టి వంతెనలఁ గట్టినవారిలో మొదట స్మరింపవలసినవారు కావలి సోదరులు. స్కాట్లండు దేశస్థుఁడైన కర్నలు కాలిన్ మెకంజీ 1783లో నీ దేశమునకు వచ్చి, భూమికొలతల పనిలోఁ బైకివచ్చి, 1815లో భారతదేశమునకుఁ బ్రథమ సర్వేయరు జనరలయ్యెను. ఆయన కూర్చిన వ్రాఁతప్రతులును, శాసనప్రతులును, గ్రామ కైఫీయత్తులును దక్షిణదేశచరిత్రమునకుఁ బెన్నిధి. అయితే మెకంజీకి దేశభాషలు రావు. ఊరూరఁ దిరిగి కరణములను, దేవాలయముల యర్చకులను, పాతకుటుంబముల పెద్దలను గలిసికొని, వారిని నమ్మించి, గ్రంథములు సంపాదించినవారు కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి యను తెలుఁగు సోదరులును, వారితోఁ బనిచేసిన పండితులును. బొర్రయ్య 1803లోఁ జిన్నవయసుననే గతించెను; ఆ భారము లక్ష్మయ్యపైఁ బడెను.

1821లో మెకంజీ మరణించినపిమ్మట నాతని సంగ్రహమును ఈస్టిండియా కంపెనీవారు ఆతని భార్యయొద్ద లక్ష రూపాయలకుఁ గొనిరి. 1828లో విల్సను పండితుఁడు దానికిఁ బట్టిక ప్రకటించెను. కట్టలు కొన్ని లండనునకును, గొన్ని మద్రాసునకును జేరినవి. సంగ్రహణకార్యమును దాను గొనసాగింతునని లక్ష్మయ్య కోరఁగా నది యంగీకరింపఁబడలేదు. కాగితములకు లక్ష రూపాయలు వెచ్చించి, ఏ యూర నెవరి యింట నింకేమి గలదో యెఱిఁగిన మనుష్యుని వదలుకొనుట యెట్టి లెక్కయో నాకు బోధపడదు. సంగ్రహము మిగిలినది, దానిని దెచ్చిన పరిచయములు మాత్ర మొక తరముతోఁ దెగిపోయినవి. ఆ కైఫీయత్తులను జదువువారు నేఁటికిని, ఈ మాట చెప్పినవాఁ డెవఁడు, చెప్పించుకొన్నవాఁ డెవఁడు అని తడుముకొనుచుండుటకు నిదియే కారణము.

బ్రౌను దొరగారి కథ దీనికిఁ బ్రత్యుదాహరణము. చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1817లో మద్రాసునకును, 1820లోఁ గడపకును వచ్చెను. తెలుఁగు నేర్చుకొని, వేమన పద్యములపై మనసు పెట్టి, తన సొంత ధనముతోఁ బండితులను, వ్రాయసకాండ్రను నియమించి, కడపలో నొక గ్రంథపరిష్కరణశాలనే నడపెను. ఆతని పద్ధతి గమనింపఁదగినది. ఒక కావ్యమునకు దొరకినన్ని ప్రతులు తెప్పించుట, వానిని బండితులచేఁ బక్కపక్కనఁ బెట్టించి పాఠభేదములు గుఱుతింపించుట, పిదప శుద్ధప్రతి వ్రాయించుట. ఇందు మొదటి మెట్టు బ్రౌను పాండిత్యముచేఁ గాక యాతని పరిచయములచే జరుగవలసినది. 1829లో నాతఁ డచ్చువేయించిన వేమన పద్యములు 693. 1839 నాఁటి ముద్రణమున నవి 1164. ఈ పదియేండ్లలో వేమన క్రొత్తగా నేమియు వ్రాయలేదు గదా! పెరిగినవి బ్రౌనునకుఁ బ్రతులు వచ్చు త్రోవలు. ప్రతులు పెరిగినకొలఁదిఁ బ్రక్షిప్తములును బెరుగుననుట నిజమే. అయినఁ బ్రక్షిప్తము నేఱి పాఱవేయుటకుఁ గూడ మఱి నాలుగు ప్రతులే కావలెను.

ఆతఁడు సెలవుపై లండనులో నున్నప్పుడు, ఈస్టిండియా హౌసు పుస్తకశాలలో దక్షిణదేశభాషల వ్రాఁతప్రతులు చదువు దిక్కులేక పడియుండుటఁ జూచెను. అచ్చటఁ బుస్తకము లుండి చదువరులు లేరు; మద్రాసునఁ జదువరులుండి పుస్తకములు లేవు. అధికారులకు వ్రాసి, ఒప్పించి, వానిని మద్రాసునకుఁ బంపునట్లు చేసెను. తన సొంత సంగ్రహమును 1845లో మద్రాసు లిటరరీ సొసైటీవారి కొసఁగెను. ఇట్లు మెకంజీది, లేడెనుది, బ్రౌనుది యను మూఁడు సంగ్రహములు కాలక్రమమున నొకచోఁ జేరి, 1869లో నేర్పడిన మద్రాసు ప్రభుత్వ ప్రాచ్యలిఖితపుస్తకశాలకు మూలధన మైనవి. మన పరిష్కర్తలు తరువాతఁ బ్రకటించిన తెలుఁగు ప్రబంధము లనేకము లీ కట్టలనుండి వచ్చినవే.

వ్రాఁతప్రతులతోఁ బనిచేసినవారికి నే నిది వేఱుగఁ జెప్ప నక్కఱలేదు. ఒక్క ప్రతినే నమ్మినచో లేఖకుని తప్పు కవి ప్రయోగ మగును. రెండవ ప్రతి దొరకిన సందేహము పుట్టును. మూఁడవది వచ్చిననే నిర్ణయమునకుఁ దావు. ఆ మూఁడును ఒక్క కప్పుక్రింద నుండుట యపూర్వము. ఒకటి తంజావూర, ఒకటి మద్రాసున, ఒకటి గోదావరితీరమున నొకరి యింటి యటకపై నుండును. ఆ ముగ్గురు రక్షకులు నొకరినొక రెఱుఁగకున్నచోఁ బరిష్కర్త చేతికి వచ్చునది మూఁడవవంతు సత్యమే. 1911లో నేర్పడిన ఆంధ్రసాహిత్యపరిషత్తు సూర్యరాయాంధ్రనిఘంటువునకుఁ బూనుకొన్నప్పుడు పిఠాపురాధీశ్వరుల ధనము, పండితుల శ్రమ, నలుదెసలనుండి చేరిన ప్రతులు, ఈ మూఁడును గలిసినందుననే 1936లో మొదటి సంపుటము వెలువడఁ గలిగినది.

ఎవరియొద్ద నేమున్నదో తెలియుటకుఁ బట్టికలు కావలెను. పట్టిక లన్నిఁటికిని గలిపి యొక పట్టిక కావలెను. సంస్కృతమునకు నట్టి పని మొదటఁ జేసినవాఁడు జర్మనుపండితుఁడు ఔఫ్రెక్టు. ఆతని కాటలోగస్ కాటలోగోరుమ్ 1891 మొదలు 1903 వఱకు మూఁడు భాగములుగాఁ బ్రకటితమైనది. గ్రంథనామము తీసినచో నది యే యే యూళ్ల భాండాగారములలోఁ గలదో యందుఁ దెలియును. దానిని విస్తరించి క్రొత్తగాఁ గూర్పవలెనని మద్రాసు విశ్వవిద్యాలయమువారు 1935లో సంకల్పించిరి. మొదటి సంపుటము 1949లో వెలువడెను. ఇట్టి పనికిఁ బాండిత్య మెంత కావలెనో యుత్తరప్రత్యుత్తరము లంత కావలెను. ఒక చిన్న మఠమునఁ బుస్తకములఁ జూచుకొను వృద్ధుఁడు జాబునకుఁ బ్రత్యుత్తర మీయకున్నచో నచ్చటి వంద గ్రంథములును లోకమునకు లేనివే. తెలుఁగు వ్రాఁతప్రతులకు దీనికి సాటివచ్చు సర్వసూచి యింకను సిద్ధింపలేదు. మన ప్రతులు తెలుఁగునాఁటనే గాక తమిళ కన్నడ దేశములలోను, లండను పారిసు నగరముల పుస్తకశాలలలోను జెదరియున్నవి. 2003లోఁ గేంద్రప్రభుత్వము నెలకొల్పిన జాతీయ పాండులిపి ప్రణాళిక యూరూర వ్రాఁతప్రతుల నెన్నించినప్పుడు సయితము, ఢిల్లీనుండి యెవరో వచ్చి యెన్నుట కాక, స్థానిక విద్యాసంస్థలను భాగస్వాములఁ జేసికొనియే యా పని నడపవలసివచ్చెను. ఇంటివారు తలుపు తీయునది తెలిసిన ముఖమునకే.

అచ్చుపుస్తకముల గ్రంథాలయములకు వత్తము. తెలుఁగునాఁట గ్రంథాలయోద్యమము మొదటినుండియు సహవాసము నాశ్రయించియే నడచినది. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము నెలకొల్పినప్పుడు, మునగాల జమీందారు నాయని వెంకటరంగారావుగారును, రావిచెట్టు రంగారావుగారును, కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారును గలిసి పూనుకొనిరి. ధనము, స్థానబలము, విద్వత్తు ఒక్కొక్కరిది యొక్కొక్కటి. 1914లో బెజవాడ సభలో ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘ మేర్పడెను. దానికిఁ బ్రాణమువంటివారు అయ్యంకి వెంకటరమణయ్యగారు. అప్పటికి నూళ్లలో గ్రంథాలయములు లేకపోలేదు. ఒక యూరి గ్రంథాలయమున కింకొక యూరిది కలదని తెలియకుండెను. సంఘము చేసిన మొదటి మేలు వానిని నొకదాని కొకటి యెఱుకపఱచుట. 1919 నవంబరు 14న మద్రాసులో నఖిలభారత గ్రంథాలయసభ కూడినప్పుడు బరోడా గ్రంథాలయాధికారి కుడాల్కరుగా రధ్యక్షత వహించిరి. గాయక్వాడు ప్రభువు రాజ్యమున నూరూరఁ బుస్తకముల పెట్టెలు త్రిప్పుచున్న పద్ధతి యిట్టి సభలవలననే మనవారికిఁ జక్కఁగా విదితమైనది. నవంబరు 14 మొదలుగా గ్రంథాలయవారోత్సవములు జరుపుట యా సభకు జ్ఞాపకము.

1935లోఁ బెదవడ్లపూడిలోఁ బాతూరి నాగభూషణముగారు కాలువపై నడచు పడవలలోఁ బుస్తకములుంచి గ్రంథాలయము నడపించిరి. దానిని వింతగాఁ జెప్పుకొనుట పరిపాటి. నాకుఁ దోఁచునది మఱొకటి. పడవ గ్రంథాలయమువారిది కాదు, కాలువ గ్రంథాలయమువారిది కాదు. ప్రయాణికులు పుస్తకమునకై యెక్కినవారు కారు. ఇతరుల త్రోవలో నిలువఁబడి తన పని చేసికొను నేర్పు అందుఁ గలదు. గ్రంథాలయాధికారి గోడల నడుమఁ గూర్చుండి పాఠకునకై యెదురుచూచుటకంటె నది మేలైన విద్య.

ఇచ్చట నా యనుభవ మొకటి చెప్పెదను. ఒక పాత మాసపత్రిక యొక్క సంవత్సరపు పన్నెండు సంచికలకై నేను కొంతకాలము తిరిగితిని. ఒక గ్రంథాలయమున సంపుటము కలదని పట్టికలో నుండెను. తెఱచి చూడఁగా మూఁడు నెలలు లేవు. బైండు చేసినవాఁడు దొరకినంతవఱకుఁ గుట్టి పైన సంవత్సరము వేసియుండెను. రెండవచోట, "చూచుకొనుటకు వీలులేదు, సొత్తు చెడిపోవును" అనిరి. అచ్చటఁ గాగితము నిజముగనే చేయి తగిలినఁ బొడియగు స్థితిలో నుండెననుట యొప్పుకొనవలెను. మూఁడవ గ్రంథాలయపు టధికారి తనయొద్ద లేదని చెప్పి యూరకుండక, ఒక పోస్టుకార్డు తీసి, వేఱొక యూర నున్న తన మిత్రునికి నా యెదుటనే వ్రాసెను. పదునైదు దినములలో రెండు సంచికలు దొరకినవి. పన్నెండవది నేఁటికిని దొరకలేదు. ఆ మూఁడవ గ్రంథాలయము మూఁటిలోఁ జిన్నది, పుస్తకములు తక్కువ. అయినను నా పని జరిగినది అచ్చటనే.

పత్రికల విషయమున నీ కొఱఁత మిక్కిలి తీవ్రము. పుస్తకమునకుఁ బునర్ముద్రణము వచ్చును, పత్రికకు రాదు. ఇరువదవ శతాబ్ది పూర్వభాగమున మనవారు వ్రాసిన విమర్శలు, వాదప్రతివాదములు పుస్తకములకెక్కినవానికంటెఁ బత్రికలలోనే నిలిచిపోయినవి మెండు. ఆ నాఁటి చౌకకాగితము పసుపువన్నె తిరిగి, అంచులు విఱిగి, రాలిపోవుచున్నది. 1918లో నేర్పడిన వేటపాలెపు సారస్వతనికేతనము పాత పత్రికలను బదిలపఱచి పరిశోధకుల నెందఱినో దూరదేశములనుండి రప్పించుకొన్నది. అయినను నెంతటి గ్రంథాలయమునందును బూర్తివరుస లన్నియు నుండవు. ఒకరి లోపము నొకరు పూరించుకొనుటయే గతి. అందులకు మొదట నెవరికి వారు తమ లోపముల పట్టికను వ్రాసికొనవలెను. మాయొద్ద నిది కలదని చెప్పు పట్టికలే కాని, మాయొద్ద నిది లేదని చెప్పు పట్టిక నేను గన్నది లేదు. లేమిని జెప్పుకొనుట చిన్నతన మనుకొందురు కాఁబోలు.

రంగనాథన్‌గారు 1931లోఁ బ్రకటించిన పంచసూత్రములలో, చదువరి కెల్లఁ దన పుస్తకము దొరకవలె ననునది యొకటి. పుస్తకమున కెల్లఁ దన చదువరి దొరకవలె ననునది మఱొకటి. ఈ రెండును ఒక భవనములో నెఱవేఱునవి కావు. అమెరికాలో వాషింగ్టనునందలి కాంగ్రెసు గ్రంథాలయమువారు 1901నుండి తాము చేసిన సూచిపత్రముల నచ్చువేసి యితర గ్రంథాలయముల కమ్మసాగిరి. ఒకరు చేసిన శ్రమ మఱి వేయిమంది మరల చేయ నక్కఱలేకపోయెను. 1967లో నొహాయో రాష్ట్రమున 54 కళాశాలలు కలిసి తమ పట్టికలను గంప్యూటరునఁ గూర్ప సంఘ మేర్పఱచుకొన్నవి; అదియే పెరిగి నేఁడు లోకమునందలి గ్రంథాలయముల సమష్టిసూచిగాఁ బరిణమించినది. మన దేశమున 1988లో ఢిల్లీలో డెల్‌నెట్టును, 1991లో విశ్వవిద్యాలయముల కొఱకు ఇన్‌ఫ్లిబ్‌నెట్టును దలయెత్తినవి. పుస్తకమును దపాలున బదులు తెప్పించుకొను సదుపాయ మిందువలనఁ గలిగినది. అయినను మన జిల్లాల గ్రంథాలయములలోని తెలుఁగు పుస్తకములలో నెన్ని యీ సమష్టిసూచుల కెక్కినవి యని యడిగినచో సమాధానము సంతోషకరము కాదు.

ఇందులోఁ జమత్కార మొకటి గలదు. అమెరికావారు 480వ చట్టముక్రింద మన దేశమునకు గోదుమలు పంపి, వెల రూపాయలలోఁ బుచ్చుకొనిరి. ఆ రూపాయలలోఁ గొంత వెచ్చించి, 1962లో ఢిల్లీయందుఁ గాంగ్రెసు గ్రంథాలయపు కార్యాలయమును దెఱచి, దేశభాషల పుస్తకములను గొని తమ విశ్వవిద్యాలయములకుఁ బంపఁజొచ్చిరి. గోదుమలు మన కడుపులకుఁ జేరినవి. మన పుస్తకములు వారి బీరువాలకుఁ జేరినవి. ఆ కాలపుఁ దెలుఁగు నవల, మన జిల్లా కేంద్రమున దొరకనిది, చికాగోలో దొరకుట కలదు. దీనిని జూచి చిన్నఁబుచ్చుకొనుటకంటె, వారిని బుస్తకముల కడిగి తెప్పించుకొను త్రోవ వేసికొనుట మేలు.

అయితే సంబంధము లన్నియు నొక్కతీరువి కావు. పెద్దవాఁడు చిన్నవానియొద్ద దీసికొనుటయే కాని యిచ్చుట లేనిచో నది పొత్తు గాదు. తమిళదేశమున కోట్టయూరిలో రోజా ముత్తయ్య చెట్టియారు జీవితమంతయుఁ గూర్చిన తమిళ గ్రంథముల భాండారమును, ఆయన 1992లోఁ గాలధర్మము నొందినపిదప, 1994లోఁ జికాగో విశ్వవిద్యాలయము కొన్నది. కొన్నవారు దానిని దమ దేశమునకుఁ దరలించుకొనిపోలేదు. ఆ గ్రంథములు చెన్నపట్టణముననే పరిశోధనగ్రంథాలయముగా నిలిచినవి. ఛాయాప్రతులు మాత్రము విదేశమునకుఁ జేరినవి. మూలము స్వస్థలమున, ప్రతిబింబము పరస్థలమున: లేడెను, మెకంజీ కట్టలు లండనునకు నౌక యెక్కిన కాలముతోఁ బోల్చినఁ బద్ధతి యెంత మాఱినదో తెలియును.

భాగస్వామ్యము పూర్తిగాఁ గుదురకున్న నేమగునో కూడఁ జూచితిమి. భారత డిజిటలు గ్రంథాలయ మను పేర నీ శతాబ్దారంభమున దేశములోని యనేక గ్రంథాలయములనుండి పుస్తకములు దెచ్చి, ఛాయలు దీసి, అంతర్జాలమున నుంచిరి. తెలుఁగు గ్రంథములు వేలకొలఁది యందుఁ జేరినవి. మహోపకార మనుట నిశ్చయము; నేనును దానివలన లాభము పొందినవాఁడనే. కాని యంత్రము నడపువారును, తెలుఁగు తెలిసిన సూచీకర్తలును గలిసి కూర్చుండి పనిచేయనందువలన గ్రంథనామములు రోమను లిపిలో గుఱుతుపట్టరాని రూపములు దాల్చినవి. కర్త పేరు పీఠికాకర్తకుఁ బోయినది, సంపుటములు తాఱుమాఱైనవి. ఉన్న పుస్తకము పేరు తప్పియుండుటచే దొరకకుండెను. కుమారసంభవపుఁ గట్ట తంజావూర నున్నట్లే యిదియు. పిదపఁ దెలుఁగు వికీపీడియా స్వచ్ఛందసేవకులు, ఎవరు నడుగకయే, ఆ పుస్తకముల నొక్కొక్కదానిఁ దెఱచి సరియైన పేరుల పట్టికలు కూర్చిరి. మూలస్థానము మూఁతపడినపిదపఁ గూడ నా ప్రతులు పెక్కు ఇంటర్నెట్ ఆర్కైవునందు నిలుచుట సయితము పరులు చేసి పెట్టుకొన్న నకళ్ల పుణ్యమే.

ఇఁకఁ బాఠశాలల పండితులతో నొక మాట. మీ యూరిలో నెవరి యింటఁ దాటియాకుల కట్టలున్నవో మీకుఁ దెలిసినట్లు ఏ విశ్వవిద్యాలయమునకును దెలియదు. శరన్నవరాత్రులలో సరస్వతీపూజ నాఁడు వానిని దింపి, పసుపుకుంకుమ లద్ది, మరల నటక యెక్కించు నిండ్లు నేఁటికిని గలవు. అడిగినచో గృహస్థుఁడు చెప్పు మాట యొక్కటే: "మా తాతగారి కాలమున నెవరో పెద్దమనిషి చూచి యిచ్చెదనని పట్టుకొనిపోయెను, మరల రాలేదు." ఈ యాక్షేపణము నిజము. గ్రంథములు పోయి, పుచ్చుకొన్నవాఁడు పోయి, పేరును మఱచినపిదపఁ గూడ నా పరాభవము మాత్ర మింటిలో నిలిచియుండును. గ్రంథాలయాధికారి కట్టవలసిన వంతెన కిదియే మొదటి మొగ. అందుచేత మొదటిమాఱు పోయినప్పుడు పుస్తకము నడుగరాదు, చూచుటకే యడుగవలెను.

చూచినప్పుడు వ్రాసికొనవలసినవి కొన్ని గలవు: ఆకుల సంఖ్య, పుటకుఁ బంక్తులెన్ని, నిడివి వెడల్పులు, లిపి, మొదటి పద్యము, తుదిపద్యము, ఆశ్వాసాంతగద్య, లేఖకుఁడు తన పేరు సంవత్సరము వ్రాసియున్నచో నది. సంవత్సరము ప్రభవాదులలో నొకటియే వేసి శకాబ్దము వేయకున్నచో నఱువదియేండ్ల కొకమాఱు వచ్చు నా పేరు కాలనిర్ణయమునకుఁ జాలదు. అట్లని విడువనుఁ గూడదు, వ్రాఁతతీరుతోఁ గలిపి చూచువారికి నుపయోగించును. కట్టకుఁ దడిబట్ట తగులనీయరాదు, మెత్తని పొడికుంచెతో దుమ్ము దులుపుట చాలును. ఆకుల కెండుదనము పోఁగొట్టుటకు నిమ్మగడ్డినూనె వాడుదురు గాని యది చేయి తిరిగినవారి పని. ఇంటిలోనే కూర్చుండి ఛాయాచిత్రములు దీసికొనుట నేఁడు సులభము. ఆకు కదలనక్కఱయే యుండదు. తప్పనిసరిగాఁ దీసికొనిపోవలసివచ్చినచో రసీదు రెండు ప్రతులుగా వ్రాసి, ఆకుల లెక్కయు మరలఁ దెచ్చు దినమును జూపి, ఒకటి గృహస్థుని చేతి కీయవలెను. ముద్రణమైనచో మాతృక యెవరిదో పీఠికలో వారి యనుమతితోఁ జెప్పి, ఒక ప్రతి వారికిఁ బంపవలెను. ఈ తుదిది ఖర్చులేని పని. ఎక్కువగా మఱవఁబడునదియు నిదియే.

గ్రంథాలయములు తమలోఁ దాము పుస్తకములు బదులిచ్చుకొనునప్పుడును నిదే రీతి. ఎరువు పుస్తకపు చిట్టాలో గ్రంథనామము, పుచ్చుకొన్నవారు, పంపిన తేది, వచ్చిన తేది యను నడ్డగళ్లు ఎల్లచోటులను నుండును. నే నెఱిఁగిన యొక యధికారి దానిలో నైదవ గడి గీసికొనెను. చదివినవాఁ డందేమి కనుఁగొనెనో, రెండు మూఁడు మాటలలో నడిగి యందు వ్రాసికొనుచుండెడివాఁడు. ఒక పాఠభేదము, ఒక కవి జన్మగ్రామము, చినిఁగిన పుట సంఖ్య, ఏదియైనను సరే. పుస్తకమును దిరిగి పంపునప్పు డా మాటలను జాబులో వ్రాసి, యిచ్చిన గ్రంథాలయమున కెఱిఁగించుచుండెను. వారి పట్టికలో నా గ్రంథము పేరుప్రక్క నా జాబునందలి మాట యెక్కుచుండెను. మఱుసారి యాతఁ డడిగిన పుస్తకము తిరుగుటపాలోనే వచ్చుచుండెను.